అజశబ్దార్థ విచారము: ఉపరిచర వసువు పతనకథ

ఆంధ్రపాఠకులకు వసురాజు పేరు వినఁబడినంతనే కోలాహలపర్వతమును, శుక్తిమతీనదియు, గిరికాపరిణయమును స్ఫురించుట సహజము. నన్నయభట్టారకుఁడు ఆదిపర్వమున సంగ్రహముగాఁ జెప్పిన యా కథను 16వ శతాబ్దమున రామరాజభూషణుఁడు వసుచరిత్రముగాఁ బెంచినది మొదలు ఆ రాజు శృంగారనాయకుఁడుగనే ప్రసిద్ధుఁడయ్యెను. శ్లేషచమత్కృతిని బోధించు పండితులును, దానిఁ జదువు విద్యార్థులును ఆతని వివాహముతోనే కథ ముగిసినట్లు తలంతురు. మూలభారతమున నాతనికి వేఱొక కథ కలదు. ఆతఁడు సభలో నొక పదమునకు అర్థముఁ జెప్పెను. చెప్పిన తోడనే ఆకాశమునుండి భూవివరమునఁ బడెను. శబ్దార్థనిర్ణయము చేసినందులకు ఇంత శిక్షఁ బొందిన రాజు పురాణములలోఁ గానవచ్చుట అరుదు. వైయాకరణులకును మీమాంసకులకును ఇంతకంటె జంకుఁ గొలుపు కథ మఱియొకటి యుండదు.

ఈ కథ శాంతిపర్వమునందలి మోక్షధర్మములలో నారాయణీయమను భాగమున నున్నది. నారదుఁడు శ్వేతద్వీపమున కరిగి నారాయణుని దర్శించుటయు, ఆ దేవుఁడు తన ప్రాదుర్భావములను తానే వినిపించుటయు, సాత్వతధర్మముయొక్క గురుపరంపరయు ఇందే కలవు. భాగవతసంప్రదాయమున భూతదయకును అవతారసిద్ధాంతమునకును గల సంబంధమును విచారింపఁబూనినవారు మొట్టమొదటఁ జూడవలసిన భాగ మిదియే. పైపైఁ జూచినచో, ఇందలి అహింసావాదమంతయు 'అజ' యను రెండక్షరముల పదముయొక్క అర్థముపై నిలిచినట్లు తోఁచును. ఉపన్యాసకులు పెక్కండ్రు అట్లే చెప్పుచున్నారు. వేదమునందలి అజశబ్దమునకు మేఁక యని యర్థము లేనే లేదనియు, అది బీజవాచకమే యనియు, దానిచే యజ్ఞహింస వేదమునకు సమ్మతము కాదని తేలుననియు వారి వాదము. ఉద్దేశము మంచిదే. కాని మంచి యుద్దేశమునకై శబ్దశాస్త్రముచేతఁ జెప్పరానిదానిఁ జెప్పించుట తగునా యనునది వేఱు ప్రశ్న. ఆ వాదము నిలువనిచో దానితోఁ గూడ అహింసయు పడునేమో యను భయము దానివెనుక నున్నది. ఆ భయమునకుఁ గారణము లేదని నారాయణీయమును సావధానముగాఁ జదివినవారికిఁ దెలియును.

కథాక్రమము నెఱుఁగక విచారము సాగదు. వసువు నారాయణభక్తుఁడు; సాత్వతవిధి ననుసరించినవాఁడు. ఆతఁడు చేసిన యశ్వమేధము ఆ భాగముననే వర్ణింపఁబడినది. బృహస్పతి హోత, ప్రజాపతిపుత్త్రులైన యేకత ద్విత త్రితులు సదస్యులు, మఱియు ననేకమహర్షులు సభనుండిరి. అశ్వమేధమైనను అం దొక్క పశువైనను వధింపఁబడలేదు. అరణ్యమునఁ బుట్టిన పదార్థములతోడనే భాగములు కల్పింపఁబడినవి. నారాయణుఁడు స్వయముగా వచ్చి, ఎవ్వరికిని గానరాక, వసువునకు మాత్రము దర్శనమిచ్చి తన పురోడాశభాగమును గ్రహించెను. తనకుఁ గానరాని దేవుఁడు తాను కల్పించిన భాగమును గొనిపోయెనని బృహస్పతి కోపించి స్రువమును ఆకాశమునకు విసరి కన్నీరు పెట్టెను. ఏకతాదులు శ్వేతద్వీపవృత్తాంతముఁ జెప్పి, ఆ దేవుఁ డందఱకుఁ గానవచ్చువాఁడు కాఁడని ఆతని నూఱడించిరి. దేవగురువును ఇట్లు చిన్నబుచ్చుటకు కథకుఁడు సందేహింపకుండుట గమనింపఁదగినది.

తరువాతి యధ్యాయముననే ధర్మరాజు భీష్ము నడిగెను: అంతటి భక్తుఁడు ఏల భ్రష్టుఁడై భూవివరముఁ జొచ్చెను? భీష్ముఁడు చెప్పిన సమాధానమే అజశబ్దవివాదము. అజములచే యజింపవలయునని దేవతలు ఋషులతోఁ బలికి, అజమనఁగా ఛాగమే, వేఱు పశువు కాదని నిర్ణయముఁ జేసిరి. ఋషులు దాని నొల్లలేదు. బీజములచేతనే యజింపవలయునని వైదికశ్రుతి యున్నదనియు, అజమనునది బీజములకు సంజ్ఞ యనియు, మేఁకను జంపరాదనియు వారనిరి. అంతతో నూరకుండక, పశువును వధించుట సజ్జనులధర్మము కాదనియు, ఇది శ్రేష్ఠమైన కృతయుగమనియు, ఇందుఁ బశువధ యెట్లు కూడుననియు వారడిగిరి. వాదము జరుగుచుండఁగా ఆకాశమార్గమున వసువు వచ్చెను. ఇరుపక్షములవారును ఆతనిని బ్రమాణముగా నొప్పికొనిరి. అప్పుడు వసువు చేసిన పని యొకటి కలదు. ప్రశ్నకు సమాధానముఁ జెప్పుటకుముందే, ఎవ్వరి కే పక్షమిష్టమో నిజముఁ జెప్పుఁడని యడిగెను. ధాన్యపక్షము తమదనియు, పశుపక్షము దేవతలదనియు ఋషులు చెప్పిరి. దేవతలమత మిదియని తెలిసినపిమ్మట, వారిపక్షమునే యాశ్రయించి, ఛాగమే అజమని వసువు పలికెను. ఋషులు క్రుద్ధులై, దేవపక్షమును బట్టితివి గనుక ఆకాశమునుండి పడుమని శపించిరి.

ఈ రెండధ్యాయములను జేర్చి చదివినపుడు ఒక చిక్కు తోఁచును. పశువధ లేకయే అశ్వమేధముఁ జేసిన రాజే, అజమనఁగా మేఁకయని యేల తీర్పుఁ జెప్పెను? తన యాచరణమునకే విరుద్ధమైన యర్థమును సభలో నేల పలికెను? ఇవి రెండు వేఱుకథలనియు, వానిని నారాయణీయకర్త యొకచోటఁ గుట్టెననియుఁ జెప్పవచ్చును. అది సంభావ్యమే. కాని కుట్టినవాఁడు ఆ విరోధము నెఱుఁగనంత మందమతి యని చెప్పుట సులభము కాదు. ధర్మరాజు ప్రశ్నయే ఆ విరోధమును ముందుగాఁ బట్టి చూపుచున్నది. కావున కథకుని దృష్టిలో ఆ రాజునకు ధర్మము తెలియకపోవుట దోషము కాదు. తెలిసినవాఁడు వేఱుగాఁ బలుకుటయే దోషము.

ఇఁక శబ్దమును విచారింపవలెను. అజశబ్దము రెండు విధములఁ బుట్టును. పుట్టని దనునర్థమున నఞ్ పూర్వకమైన జనధాతువునకు డ ప్రత్యయము వచ్చుట యొకవిధము. పాణిని 3-2-101 సూత్రముచే నిది సిద్ధించును. బ్రహ్మకును, విష్ణువునకును, ఆత్మకును ఈ పద మీ మార్గముననే ప్రవర్తించినది. గతిక్షేపణార్థకమైన అజధాతువునుండి పచాదిత్వమున అచ్ ప్రత్యయముచేఁ బుట్టించుట రెండవవిధము; మెలఁగుచుండునది గావున మేఁకకు ఆ పేరని చెప్పుదురు. ఇచ్చట ఒక కంటకము కలదు. ఆర్ధధాతుకము పరమగునపుడు, ఘఞ్ అప్ అనువానియందుఁ దప్ప, అజధాతువునకు వీ యాదేశము రావలెనని 2-4-56 సూత్రము. దానిఁ బట్టి చూచినచో అచ్ ప్రత్యయమున అజశబ్దరూపము నిలువదు. బాహులకమును శరణుఁ జొచ్చినఁగాని గతి లేదు. కనుక మేఁకయను నర్థమున నీ పదము ధాతువునుండి తిన్నగా దిగినదని పట్టుపట్టుటకంటె రూఢియని యొప్పికొనుటయే మేలు.

రూఢి యనుటకు పాణినియే సాక్షి. స్త్రీప్రత్యయప్రకరణమున 4-1-4 సూత్రమునందలి గణము అజాశబ్దముతోనే మొదలగును. జాతివాచకములకు 4-1-63 సూత్రముచే ఙీష్ ప్రత్యయము రావలసియుండఁగా, దానిని బాధించి టాప్ ప్రత్యయమును గలిగించుటకే ఆ పద మచటఁ బఠింపఁబడినది. అనఁగా సూత్రకారుని కాలమునకే అజశబ్దము జాతివాచకము, మేఁకజాతికి వాచకము. అమరసింహుఁడు నానార్థవర్గమున నీ పదమునకు విష్ణువు, హరుఁడు, ఛాగము అను మూఁడర్థములఁ జెప్పెను. బీజమను నర్థము నాతఁడు చెప్పలేదు.

ఋషులపక్షమువారు పుట్టనిదను యోగార్థమును బట్టిరని సామాన్యముగాఁ జెప్పుదురు. మూలమునందు అట్లు లేదు! శాంతిపర్వమున ఋషులు వ్యుత్పత్తి యేదియుఁ జెప్పలేదు. సంజ్ఞ యనియే చెప్పిరి. సంజ్ఞయన్నచో అదియు రూఢియే. యోగమునకు రూఢికి నడుమ వివాదము కాదది. రెండు రూఢులనడుమ వివాదము. ఒక రూఢికి సూత్రము, గణము, కోశము, లోకవ్యవహారము సాక్ష్యమిచ్చుచున్నవి. రెండవదానికి ఋషులవాక్యమొక్కటియే సాక్ష్యము. యోగమే చెప్పిరని యనుకొన్నను గతి మెఱుఁగుపడదు. బీజము మొలకెత్తుటయే దాని స్వభావము గనుక పుట్టనిదను పేరు దానికి ముందుగాఁ దగనిదే యగును. రూఢి యోగముకంటె బలవత్తరమని మీమాంసకుల సిద్ధాంతము. పంకజశబ్దమున బురదలోఁ బుట్టిన సమస్తమును ఎవ్వఁడును గ్రహింపఁడు గదా.

మీమాంసాశాస్త్రమున నిట్టి సందేహములకు తీర్పుఁ జెప్పిన తావులును గలవు. యవ వరాహాదిశబ్దములకు ఒక్కొక్కదేశమున నొక్కొక్క యర్థము వ్యవహారమం దున్నపుడు శాస్త్రముననుసరించువారి ప్రసిద్ధియే ప్రమాణమని ప్రథమాధ్యాయమున జైమిని నిర్ణయించెను; వాక్యశేషమును ఆ నిర్ణయమునకుఁ దోడ్పడును. నారాయణీయమున ఋషులు వాక్యశేషము నేదియుఁ జూపలేదు. ఇంతకంటెఁ బ్రబలమైనది షష్ఠాధ్యాయాంతమునందలి ఛాగపశున్యాయము. అగ్నీషోమీయమున పశువని సామాన్యముగా విధింపఁబడినపుడు ఏ పశువనుసందేహము గలుగఁగా, మంత్రమున ఛాగశబ్దమున్నది గనుక మేఁకయే యని తీర్పు. ఈ న్యాయమును జూచినవారు అజశబ్దముతో నెంత పెనఁగులాడినను ఫలము లేదని గ్రహింతురు. అజశబ్దమును బీజముగా మార్చినను ఛాగశబ్దము మాఱదు. దానికి పుట్టని దను వ్యుత్పత్తి యేవిధముననుం గూడదు. శబ్దశాస్త్రదృష్టితోఁ జూచినచో దేవతలు చెప్పినదియు, వసువు పలికినదియు సాధువే. ఇది చెప్పుటకు వెనుదీయ నవసరము లేదు.

ఈ కథయే ఇతరగ్రంథములలో నెట్లున్నదో చూచినచో విషయము మఱింత తేటపడును. ఆశ్వమేధికపర్వమున, ధర్మరాజుయజ్ఞమును ముంగిస యాక్షేపించిన ఘట్టమున, ఇంద్రుని యజ్ఞవృత్తాంతమొకటి చెప్పఁబడినది. పశువులను గట్టియుండఁగాఁ జూచి కరుణించిన ఋషులు, మూఁడేండ్లు నిలువయున్న బీజములతో యజింపుమని యింద్రునకుఁ జెప్పిరి. వివాదము ముదిరి వసువు నడిగిరి. ఆతఁడు బలాబలములను విచారింపక, దొరకినదానితో యజింపవచ్చునని చెప్పి రసాతలమునఁ బడెను. ఇచ్చట అజశబ్దప్రసక్తియే లేదు. మత్స్యపురాణమునను వాయుపురాణమునను ఉన్న కథయు ఈ తెఱఁగుదే. జైనులలో విమలసూరి ప్రాకృతపద్మచరితమునను, 783వ సంవత్సరమున ముగింపఁబడిన జినసేనుని హరివంశపురాణమునను ఈ కథ కలదు. అందు నారదుఁడును పర్వతుఁడును సహాధ్యాయులు. వసువు వారితోఁ గూడఁ జదివినవాఁడు. అజమనఁగా మూఁడేండ్లు గడచి మొలకెత్తని ధాన్యమని నారదుఁడును, మేఁకయని గురుపుత్త్రుఁడైన పర్వతుఁడును వాదించిరి. వసువు నిజ మెఱిఁగియు గురుపత్నికిచ్చిన మాటకుఁ గట్టువడి పర్వతునిపక్షముఁ బలికెను. ఆతని సింహాసనము భూమిలోఁ గ్రుంగెను. ఆ సింహాసనము స్ఫటికపీఠముపై నుండుటచే ఆకాశమున నిలిచినట్లు జనులకుఁ దోఁచెడిదని జినసేనుఁడు చెప్పిన యుపపత్తి ఉపరిచరనామమునకు చమత్కారమైన వ్యాఖ్యానము.

పంచతంత్రమున కాకోలూకీయమందు ఈ యర్థమే మఱియొక నోట వినఁబడును. కుందేలును కపింజలమును తగవు తీర్చుమని పిల్లి నాశ్రయింపఁగా, ఆ పిల్లి ధర్మోపన్యాసముఁ జేయుచు, అజములనఁగా ఏడేండ్ల ధాన్యమే కాని పశువు కాదని చెప్పి, నమ్మి దరిఁజేరిన యిరువురను భక్షించెను. మూఁడేండ్లు ఇచ్చట ఏడేండ్లైనవి. చిన్నయసూరి నీతిచంద్రికలో జరద్గవము నాశ్రయించిన దీర్ఘకర్ణమును జదివిన బాలురకు పిల్లి చెప్పు అహింసాధర్మము క్రొత్త గాదు. విష్ణుశర్మ వ్యుత్పత్తిని బరిహసించెనా, దానిని వాడు వంచకుని బరిహసించెనా యనుట కష్టము. ఆ యర్థము అప్పటికే లోకమున ధర్మోపన్యాసకుల నోట నానుచుండెడి దనుట మాత్రము నిశ్చయము.

ఈ పాఠములను వరుసగాఁ బెట్టిచూడుఁడు. ఆశ్వమేధికమున మూఁడేండ్ల బీజములున్నవి, అజశబ్దము లేదు. శాంతిపర్వమున అజశబ్దమున్నది, ఏండ్లలెక్కయు వ్యుత్పత్తియు లేవు. జైనపురాణములలోను పంచతంత్రములోను ఆ రెండును గలిసి, మొలకెత్తనిది గనుక అజమను వ్యుత్పత్తి పూర్తియైనది. ఈ గ్రంథముల పౌర్వాపర్యము నిష్కర్షగాఁ జెప్పుట కష్టమైనను, అర్థముయొక్క పరిణామక్రమము మాత్రము తెల్లముగా నున్నది. జీవశక్తి యుడిగిన ధాన్యముతో హోమముఁ జేయుట మొదట నొక యాచారము, ఒక నియమము. మొలకెత్తఁగల గింజకును హాని కలుగరాదనునంత సూక్ష్మమైన దయ దానికి మూలము. ఆ దయకు శ్రుతిబలమును సంపాదింపఁగోరిన తరువాతివారు అజశబ్దమును దెచ్చి దానికిఁ దగిలించిరి. వ్యుత్పత్తి వెనుకఁ బుట్టినది. దయ ముందు పుట్టినది. వ్యుత్పత్తిని ఖండించినంతనే దయ ఖండింపఁబడునని భయపడువారు ఈ క్రమమును తలక్రిందు చేయుచున్నారు.

వసువు చెప్పిన యర్థము సాధువైనచో ఆతఁడేల పడవలెను? సమాధానము మూలముననే కలదు. ఋషుల శాపవాక్యమున అర్థదోషముయొక్క ప్రసక్తి లేదు. దేవపక్షమును బట్టితివనుటయే యభియోగము. తీర్పరి వాదము వినుటకుముందు వాదులెవ్వరని యడిగెను. అర్థమును బట్టి పక్షమును నిర్ణయింపక, పక్షమును బట్టి యర్థమును నిర్ణయించెను. ఆశ్వమేధికమున దోషమును వేఱుమాటలతోఁ జెప్పిరి: బలాబలవిచారము లేదు. ఎంత బహుజ్ఞుఁడైనను సందిగ్ధమైన ధర్మము నొక్కఁడే నిర్ణయింపరాదని యాకథాంతమున ఋషులపరముగా నున్న నిర్ణయము. జైనపాఠమున గురుపత్నిపై దాక్షిణ్యము కారణము. మూఁడుచోట్లను పక్షపాతమో, తొందరపాటో, దాక్షిణ్యమో దోషముగా నెన్నఁబడినది. వ్యాకరణము తెలియకపోవుట ఎచ్చటను దోషముగాఁ జెప్పఁబడలేదు. జైనులు మాత్రము ఆతఁడు అర్థమును గూడ అబద్ధముగాఁ జెప్పెననిరి. అది వారి సిద్ధాంతమునకుఁ దగినదే, ఏలనఁగా వారికి పశుయాగశ్రుతి ప్రమాణము కాదు.

ఇట్లు చూచినచో నారాయణీయమున అహింస నిలిచిన తావు వేఱు. ఋషులు చెప్పిన మాటలలో సంజ్ఞావాదము మొదటిది, దుర్బలమైనది. సజ్జనధర్మవాదము రెండవది. దానికి వసువుగాని దేవతలుగాని బదులు చెప్పలేదు. దేవతలు శబ్దమునుగూర్చి గెలిచి, ధర్మమునుగూర్చి మాటాడక యూరకుండిరి. అంతకు ముందటి యధ్యాయమున నారాయణుఁడు చేసిన పని మూఁడవది. ఏ యజ్ఞమునఁ బశువు చావలేదో ఆ యజ్ఞమునకే ఆయన స్వయముగా వచ్చి భాగముఁ గొనెను. దేవుని రుచి యేదియో యీ విధమునఁ దెలిసినపిమ్మట పదవ్యుత్పత్తితోఁ బని యేమి? కథకుఁడు అహింసను ప్రతిష్ఠించినది ఇచ్చటనే. ఈ భాగముననే భగవంతుఁడు హయశిరోరూపమును దాల్చి వేదముల నుద్ధరించిన కథయు నున్నది. వధింపఁబడని యశ్వముగల యశ్వమేధమును, అశ్వముఖముతో వేదముల నుద్ధరించిన దేవుఁడును ఒక్క ప్రకరణమునఁ జేరుట యాదృచ్ఛికమో కాదో చెప్పలేము; కవి దానిని విప్పి చెప్పలేదు. చెప్పనిదానిని ఆతనిపైఁ బెట్టుట మంచిది గాదు.

అవతారములపట్టికయు ఇచ్చట విచార్యమే. బహుళప్రచారమం దున్న ప్రతులలో నారాయణుఁడు చెప్పిన పట్టిక హంసముతో మొదలై కల్కితో ముగియును. కూర్మమత్స్యవరాహములు, నరసింహవామనులు, ఇరువురు రాములు, సాత్వతుఁడు నడుమ నుందురు. బుద్ధుఁడు లేఁడు. దక్షిణదేశపుఁ బ్రతులు కొన్నిట బుద్ధనామముగల శ్లోకమొకటి చేరినది. పల్లవులకాలమున మహాబలిపురమునందలి ఆదివరాహగుహాలయశాసనమున నా పట్టికయే కానవచ్చును. విష్ణుభక్తులలో నహింస బుద్ధావతారకల్పనతోడనే ప్రవేశించినదని కొందఱు చరిత్రకారు లనుకొనుటకు నారాయణీయము ప్రతికూలముగా నున్నది. పట్టికలో బుద్ధుఁడు లేనపుడే పశువధలేని యశ్వమేధ మిం దున్నది. అంతమాత్రమున బౌద్ధజైనుల ప్రభావ మీ గ్రంథముపై లేదనరాదు. గౌతమబుద్ధునికిఁ దరువాతి శతాబ్దములలో రూపొందిన గ్రంథమిది. మూఁడేండ్ల ధాన్యపుకథ జైనులకును మనకును ఉమ్మడిసొత్తు. ఎవ్వరినుండి యెవ్వరు గైకొనిరనువివాదముకంటె ఉమ్మడిగా నుండుటయే ముఖ్యము.

బుద్ధుఁ డవతారములలోఁ జేరినతరువాత ఆయన యహింసాబోధకు రెండు వ్యాఖ్యానములు పుట్టినవి. భాగవతమున ప్రథమస్కంధముననుసరించి, ఆయన దేవద్వేషులను మోహపెట్టుటకై కీకటదేశమునఁ బుట్టును. తండ్రిపేరువిషయమున అజనుఁడనియు, జినుఁడనియు పాఠభేదములు గలవు. పోతన జినసుతుఁడను పాఠమునే గ్రహించి, రాక్షససమ్మోహనమునకే బుద్ధుఁడు పుట్టెనని వచనమున ముగించెను. జయదేవుఁడు 12వ శతాబ్దమున దీనిని పూర్తిగా మార్చి, పశువధను జూచి కరఁగిన హృదయముతో యజ్ఞవిధిని నిందించినవానిఁగా బుద్ధుని స్తుతించెను. కశ్మీరమున క్షేమేంద్రుఁడు 1066వ సంవత్సరమున రచించిన దశావతారచరితమున బుద్ధచరితము గౌరవముతో నొక భాగముగాఁ జేరియున్నది. మోహమను వ్యాఖ్యానమున దయ ఒక వల. కరుణయను వ్యాఖ్యానమున దయ ఒక ప్రయోజనము. యుక్తిని బట్టి చూచినచో మొదటి వ్యాఖ్యానమునకు నారాయణీయముతోఁ బొత్తు కుదురదు. పశువధలేని యజ్ఞమునఁ దానే భాగముఁ గొనిన దేవుఁడు, ఆ ధర్మమునే యితరులను మోసపుచ్చుటకు బోధించెనని యెట్లు చెప్పవచ్చును? పోతన మూలమును విడువని యనువాదకుఁడు గనుక ఆతనిని తప్పుపట్టఁబనిలేదు. కాని పాఠశాలలలో బుద్ధావతారమును బోధించునపుడు మోహవ్యాఖ్యానమునే ఏకైకపురాణమతముగాఁ జెప్పుట అసమగ్రబోధ.

ఆచార్యులలో నీ విషయమున నెవ్వరును అజశబ్దవ్యుత్పత్తిపై భారము వేయకపోవుట గమనింపఁదగినది. బ్రహ్మసూత్రములలో 3-1-25 సూత్రముకడ శంకరులు, హింసానిషేధము ఉత్సర్గమనియు, యజ్ఞవిధి అపవాదమనియు, ధర్మాధర్మములకు శాస్త్రమే ప్రమాణమనియుఁ జెప్పిరి. రామానుజులు ఆ పశువు స్వర్గమునకుఁ బోవును గనుక అది హింసయే కాదనియు, వైద్యుఁడు కలిగించు తాత్కాలికబాధ వంటిదనియు మంత్రవర్ణముచే సమర్థించిరి. సాంఖ్యకారికల రెండవకారికకు వ్యాఖ్య వ్రాయుచు వాచస్పతిమిశ్రుఁడు మాత్రము వేఱుత్రోవఁ ద్రొక్కెను. హింస అనర్థహేతువని నిషేధవాక్యము చెప్పును. అది క్రతువున కుపకారకమని విధివాక్యము చెప్పును. విషయములు వేఱు గనుక విరోధమే లేదు, విరోధము లేదు గనుక బాధయు లేదు. యజ్ఞఫలమును గలుగును, కొంత పాపమును గలుగును. మీమాంసకుల కిది రుచింపదు. కాని శబ్దమునకు బలాత్కారముఁ జేయక, శ్రుతిని ద్రోసివేయక, చచ్చినప్రాణిని మఱవక చెప్పిన మాట యిదియొక్కటియే యనిపించును. ఇఁక మాధ్వసంప్రదాయమున పిష్టపశువును గల్పించి యాగమును నిర్వహించుట, వాదముతోఁ దేలనిదానిని ఆచారముతోఁ దేల్చిన మార్గము. వసువుయొక్క యశ్వమేధమునకు ఆ యాచారము దగ్గఱిచుట్టము.

వసువు భూవివరమునఁ బడినపిమ్మటికథయు చదువఁదగినది. దేవతలు తమకై పడినవాని నుపేక్షింపలేదు. యజ్ఞములలో విప్రులు వేల్చు వసోర్ధార ఆతని కాహారముగా నేర్పఱచిరి. తైత్తిరీయులు వసోర్ధారను అగ్నిచయనమున నేతిధారగా నెఱుఁగుదురు. నిత్యము వల్లించెడి చమకము ఆ ధారకు మంత్రము. అందలి వసుశబ్దము ధనవాచకము, రాజుపేరు కాదు. కథకుఁడు దానిని రాజుపరముగా నన్వయించి కథకు ఉపయోగించుకొనెను. ఋషులు అజశబ్దమునకుఁ జేసినదే కథకుఁడు వసుశబ్దమునకుఁ జేసెనని చూచి నవ్వుకొనవచ్చును. వివరమున నుండియు వసువు స్మృతి నశింపలేదు. పంచకాలములయందును హరి నర్చించెను. తుదకు నారాయణుఁడు గరుడునిఁ బంపి ఆతని నెత్తించి మరల ఆకాశమునఁ జేర్చెను. మేఁకయని చెప్పినవానినిగూడ ఉద్ధరించినవాఁడు, మేఁకచావని యజ్ఞమునకు వచ్చినవాఁడే.

ఆ వసువు కూఁతురే సత్యవతి. పితరులయాజ్ఞచే వేఁటకు బయలుదేఱిన నాఁటి వీర్యమునఁ బుట్టి, చేఁపకడుపునఁ బెరిఁగి, దాశరాజునింటఁ జేరినది. ఆమెకుఁ బరాశరునివలనఁ గలిగిన వ్యాసుఁడు భాగవతపుపట్టికలో పదునేడవ యవతారము. పదార్థముఁ జెప్పి పడిన రాజునకు దౌహిత్రుఁడై వేదములను విభజించిన దేవుఁడు పుట్టెను. ఆ దౌహిత్రుఁడే తాతపతనమును దాఁచక తన భారతమున వ్రాసియుంచెను.